అకౌంట్ అద్దెకిచ్చిన గాజువాక కుర్రాడి కేసు: మొదటి మెసేజ్ నుంచి పోలీసు నోటీసు దాకా

కుర్రాడిని, వాళ్ల నాన్నగారిని అడిగి, వాళ్లు సరే అన్నాకే ఇది రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను, పేరు రాయను, బ్యాంకు పేరూ రాయను. నేను విశాఖలో క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేసే లాయర్‌ని. ఇదివరకు సైబర్ కేసు అంటే డబ్బు పోగొట్టుకున్నవాళ్లే వచ్చేవారు, ఇప్పుడు వాళ్లతో పాటు ఇంకో రకం వస్తున్నారు, వీళ్ల డబ్బు ఏమీ పోలేదు, ఎవరిదో పోయిన డబ్బు వీళ్ల అకౌంట్లోకి వచ్చి వెళ్లిపోయింది, తర్వాత అకౌంట్ ఫ్రీజ్, ఆ తర్వాత ఎప్పుడూ వెళ్లని రాష్ట్రం నుంచి పోలీసు ఫోన్. ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. అందరూ ఒకటే మాట అంటారు, "నాకొచ్చింది పదివేలే కదండీ" అని. ఆ పదివేలు ఎవరూ చూడరు, కాగితంలో ఉండేది వాళ్ల పేరు మీంచి ఎంత వెళ్లిందన్నదే. అంతకంటే బాధ ఏంటంటే, వాళ్లని కూడా ఎవరో మోసం చేశారని చూపించగలిగే సాక్ష్యాన్ని భయంతో వాళ్లే చెరిపేసుకుని వస్తారు. ఈ కేసులో రెండూ జరిగాయి, అందుకే పూర్తిగా రాస్తున్నాను.

కుర్రాడు డిప్లొమా మెకానికల్ చదివాడు, అప్రెంటిస్ అయిపోయింది, ఉద్యోగం కోసం చూస్తున్నాడు. నాన్న ఆటోనగర్‌లో లేత్ పని, అమ్మ ఇంట్లో జాకెట్లు కుడతారు, డ్వాక్రా గ్రూపులో మెంబరు. కాలేజీలో ఒక సంవత్సరం సీనియర్ ఒకడు మెసేజ్ పెట్టాడు, "మావా, అకౌంట్ ఖాళీగా ఉందా, నెలకి ఎనిమిది వేలు ఇస్తారు, మనం చేసేదేం లేదు" అని. ఎవరిస్తారంటే గేమింగ్ కంపెనీ, గెలిచినవాళ్లకి డబ్బు పంపడానికి చాలా అకౌంట్లు కావాలి, కంపెనీ అకౌంట్ నుంచి పంపితే ట్యాక్స్ ఎక్కువ పడుతుంది, అందుకని మనలాంటివాళ్లవి తీసుకుంటారు అన్నాడు. నేను కుర్రాణ్ణి అడిగా, నువ్వు నమ్మావా అని. "అన్న చెప్పాడు కదా సార్, అన్న అకౌంట్ కూడా ఇచ్చాడు, అన్నకి డబ్బులు వస్తున్నాయి కదా" అన్నాడు. ఇక్కడ గమనించాల్సిన విషయం, అడిగింది ఎవడో అపరిచితుడు కాదు. మన దగ్గర ఈ వల అంతా ఇలా తెలిసినవాళ్ల మీదే నడుస్తుంది, సీనియర్, రూమ్‌మేట్, బావమరిది, జిమ్‌లో పరిచయం. ఆ సీనియర్‌కి ఒక్కో అకౌంట్‌కి ఇంత అని ముడుతుంది, వాడికీ పై వాడెవడో తెలీదు. పైగా చెప్పిన సాకే చట్టవిరుద్ధం, ఆంధ్రలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. అంటే వాళ్లు చెప్పిన కథ నిజమే అయినా కూడా అది నేరానికి అకౌంట్ ఇచ్చినట్టే, ఈ మాట పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు.

మొదట వాడి పాత సేవింగ్స్ అకౌంటే తీసుకున్నారు. చిన్న చిన్న మొత్తాలు, మూడు వేలు, ఏడు వేలు, అలా పడేవి, వీడు ఏటీఎంలో తీసి జగదాంబ దగ్గర బండి మీద వచ్చే ఒకతనికి ఇచ్చేవాడు, అతను అందులోంచే ఐదొందలు వీడి చేతిలో పెట్టేవాడు. ఇది ట్రయల్. కుర్రాడు మాట వింటాడా, డబ్బు పట్టుకుని పారిపోతాడా, బ్యాంకు ఏమైనా అడుగుతుందా అని చూసుకోవడం. కొన్నాళ్లకి "నీకు ప్రమోషన్ రా, కరెంట్ అకౌంట్ తెరువు, పాతిక వేలు" అన్నారు. టెలిగ్రామ్‌లో ఇంకొకడు లైన్లోకి వచ్చాడు, హిందీ కలిసిన ఇంగ్లీషు, పేరు లేదు, ఫొటో లేదు, ఒక్కొక్క స్టెప్పూ వాడే చెప్పేవాడు. ఆధార్, పాన్ పెట్టి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చేది, చేయించారు, అది ఆన్‌లైన్లో ఫ్రీ, కాసేపట్లో సర్టిఫికెట్ వచ్చేస్తుంది, దాంతో ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఒక పేరు. కూర్మన్నపాలెం వైపు ఖాళీగా ఉన్న ఒక షాపు ముందు ఫ్లెక్సీ కట్టారు, బ్యాంకు నుంచి వచ్చినతను ఫొటో తీసుకుని వెళ్లాక సాయంత్రానికి ఫ్లెక్సీ విప్పేశారు. కుర్రాడు ఆ ఫ్లెక్సీ పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఆ ఫొటో ఇప్పుడు కేసు ఫైల్లో ఉంది.

ఆ ఫ్లెక్సీ విప్పినప్పుడు ఏమనిపించింది అని అడిగా. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఏటో తేడాగా ఉందనిపించింది సార్, కానీ అప్పటికే అన్నీ ఇచ్చేశాను కదా" అన్నాడు. ఆ "అన్నీ" ఏంటంటే పాస్‌బుక్, చెక్‌బుక్ మీద ముందే సంతకాలు, ఏటీఎం కార్డు, నెట్‌బ్యాంకింగ్ ఐడీ పాస్‌వర్డ్, ఇంకా అకౌంట్‌కి లింక్ చేసిన కొత్త సిమ్. అన్నీ ఒక కవర్లో పెట్టి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒకతని చేతికి ఇచ్చాడు.

ఈ సిమ్ సంగతి దగ్గర కాస్త ఆగాలి. నన్ను ఎవరైనా ఒక్కటే గుర్తు చెప్పండి అంటే నేను ఇదే చెబుతాను. నిజంగా జీతం ఇచ్చే కంపెనీకి మీ అకౌంట్ నంబరు చాలు, డబ్బు వేయడానికి ఇంకేం అక్కర్లేదు. నిజంగా వ్యాపారం చేసేవాడికి వాడి సొంత కరెంట్ అకౌంట్ ఉంటుంది. మీ సిమ్ అడిగారంటే ఓటీపీలు వాళ్లకి వెళ్లాలి, బ్యాంకు మెసేజ్‌లు మీకు రాకూడదు, అంతే, దానికి వేరే కారణం ఉండదు. ఆ సిమ్ మీ దగ్గర లేని మరుక్షణం నుంచి మీ పేరు మీద ఎంత వస్తుందో ఎంత పోతుందో మీకే తెలీదు. కుర్రాడు తన అకౌంట్లోంచి ఎంత వెళ్లిందో మొదటిసారి చూసింది నా ఆఫీసులోనే, స్టేట్‌మెంట్ ప్రింట్ చేసి ముందు పెడితే. సిమ్ అడక్కుండా ఫోన్లో ఏపీకే ఫైల్, అంటే వాళ్లు పంపిన యాప్, ఏదో ఇన్‌స్టాల్ చేయించేవాళ్లూ ఉన్నారు, అది మెసేజ్‌లని వాళ్లకి ఫార్వర్డ్ చేస్తుంది, పని ఒకటే.

రెండో గుర్తు, "బ్యాంకు వాళ్లు ఫోన్ చేస్తే ఇలా చెప్పు" అని ముందే నేర్పించడం. వీడికి రాసి పంపారు, హోల్‌సేల్ ఫ్యాన్సీ సామాన్ల బిజినెస్, కస్టమర్లు ఆన్‌లైన్లో పంపుతారు అని. అబద్ధం నేర్పించి మరీ ఇచ్చే ఉద్యోగం ఏదైనా ఆ నిమిషమే వదిలేయాలి. వీడు వదల్లేదు, ఎందుకంటే అప్పటికి అమ్మకి ఒక ఐదు వేలు పంపాడు, కొడుకు మొదటి సంపాదన అని ఆవిడ వీధిలో అందరికీ చెప్పుకుంది.

తర్వాత జరిగింది చాలా వేగంగా జరిగింది. వేరే రాష్ట్రంలో రిటైరైన ఒక పెద్దాయన, ఆయన్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, డిజిటల్ అరెస్ట్ చేశాం అని రోజుల తరబడి భయపెట్టి, ఫిక్స్‌డ్ డిపాజిట్లు చెరిపించి పంపించుకున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు, 2024 అక్టోబరులో ప్రధాని స్వయంగా రేడియోలో చెప్పారు, అయినా మనుషులు భయపడుతూనే ఉన్నారు. ఆయన డబ్బు మొదట దిగింది మన కుర్రాడి కరెంట్ అకౌంట్లోనే. దిగిన కొన్ని నిమిషాల్లోనే ముక్కలు ముక్కలుగా ఇంకో ఏడు అకౌంట్లకి వెళ్లిపోయింది, అక్కడి నుంచి ఇంకో వరస. రెండు రోజుల్లో ఆ అకౌంట్ మీంచి వెళ్లింది మొత్తం 27 లక్షలు. ఒక్క ఆ పెద్దాయనదే కాదు, ఇంకా ముగ్గురివి ఉన్నాయి. కుర్రాడికి మొత్తం మీద ముట్టింది 14 వేలు, ప్రమోషన్ పాతిక వేలు ఇవ్వనే లేదు.

పోలీసులు దీన్ని లేయర్లు అంటారు. బాధితుడి డబ్బు మొదట పడిన అకౌంట్ లేయర్ వన్, అక్కడి నుంచి వెళ్లింది లేయర్ టూ, అలా. బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వగానే ఆ వివరాలు నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్ ద్వారా బ్యాంకులకి వెళతాయి, ఎక్కడ డబ్బు మిగిలి ఉంటే అక్కడ హోల్డ్ పెడతారు. చివరి లేయర్లలో డబ్బు నగదుగానో క్రిప్టోగానో అయిపోయి దేశం దాటేస్తుంది, అక్కడి మనిషి దొరకడు. దొరికేది ఎవరు, అసలు ఆధార్, అసలు పాన్, అసలు ఫొటో, అసలు అడ్రస్ ఇచ్చిన లేయర్ వన్ కుర్రాడు. ఆ గ్యాంగు మొత్తంలో నిజమైన పేరుతో ఉన్నది వీడొక్కడే. వీళ్లని పెట్టుకునేదే అందుకు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2024 మేలో మన విశాఖ పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్లని కాంబోడియా పంపిన ఏజెంట్లని పట్టుకున్నారు, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని మన జనానికే మోసం కాల్స్ చేయించేవాళ్లు. ఆ కాల్స్ చేయడానికీ మన ఊరి నిరుద్యోగులే, ఆ డబ్బు దింపుకోవడానికీ మన ఊరి నిరుద్యోగుల అకౌంట్లే. నాకు ఇది మామూలు కేసులా అనిపించకపోవడానికి కారణం ఇదే.

ఫ్రీజ్ సంగతికి వస్తాను. కరెంట్ అకౌంట్ ఫ్రీజ్ అయిన విషయం కుర్రాడికి తెలీనే తెలీదు, సిమ్ వాడి దగ్గర లేదు కదా. తెలిసింది అమ్మ ద్వారా. డ్వాక్రా లోన్ డబ్బు పడింది, తీసుకుందామని వెళితే రావట్లేదు. ఎందుకంటే కొడుకు పంపిన ఆ ఐదు వేలు కమీషన్ డబ్బు, అది వచ్చిన దారి పట్టుకుని ఆవిడ అకౌంట్ కూడా లేయర్ల లిస్టులోకి వచ్చేసింది. హోల్డ్ ఐదు వేలకి కాదు, అకౌంట్ మొత్తానికి డెబిట్ ఫ్రీజ్ పెట్టారు. గ్రూపు వాళ్లు కంతు కట్టమంటారు, ఆవిడ దగ్గర డబ్బు ఉంది కానీ చేతికి రాదు. నాన్నగారు నా దగ్గరికి వచ్చినప్పుడు కుర్రాడి కేసు గురించి కూడా కాదు, దీని గురించే వచ్చారు. "మా గుంటడు దొంగతనం సేయలేదు బాబూ, ఆళ్లమ్మ ఏటి సేసింది" అన్నారు.

అమ్మ అకౌంట్ ఫ్రీజ్ అయిందని తెలిసిన రాత్రి కుర్రాడు సీనియర్‌కి ఫోన్ చేశాడు. వాడు చెప్పిన సలహా, మొత్తం డిలీట్ చేసెయ్, వాట్సాప్ తీసేయ్, టెలిగ్రామ్ గ్రూపులోంచి బయటికి వచ్చెయ్, ఎవరైనా అడిగితే కార్డు, సిమ్ బస్సులో పోయాయని చెప్పు. వీడు అక్షరం పొల్లు పోకుండా అదే చేశాడు. ఉద్యోగం పేరుతో వచ్చిన మొదటి మెసేజ్, ఉద్యమ్ ఎలా చేయాలో చెప్పిన వాయిస్ నోట్లు, బ్యాంకు వాళ్లకి ఏం చెప్పాలో రాసి పంపింది, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కవర్ ఎవరికివ్వాలో పంపిన ఫొటో, అన్నీ పోయాయి. నేను ఒక్క విషయం గట్టిగా చెబుతాను, మీరు మోసపోయి అకౌంట్ ఇచ్చారని చెప్పేది ఆ చాటే, ఇంకేం లేదు. అది లేకపోతే మిగిలేది మీ సంతకం, మీ ఫొటో, మీ అకౌంట్లో 27 లక్షలు. చెరిపేశారని తెలిస్తే సాక్ష్యం నాశనం చేశారనే మాట అదనంగా వస్తుంది. సిమ్ పోయిందని అబద్ధం చెబితే, టవర్ లొకేషన్లు ఉంటాయి, అది నిలబడదు, ఒక్క అబద్ధం దొరికాక మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

ఇంకో దెబ్బ కూడా తినబోయాడు. ఇన్‌స్టాలో ఎవడో "అకౌంట్ అన్‌ఫ్రీజ్ చేయిస్తాం, సైబర్ సెల్‌లో మనవాళ్లున్నారు, ముందు పదిహేను వేలు" అని యాడ్ పెట్టాడు, వీడు వాడితో మాట్లాడేశాడు కూడా, డబ్బు లేక ఆగిపోయాడు. అన్‌ఫ్రీజ్ చేయాల్సింది ఆ కంప్లైంట్ చూస్తున్న పోలీసులు లేదా కోర్టు, మధ్యలో ఫీజు తీసుకుని చేసే ఏజెంటు ఎవడూ లేడు.

మేం చేసింది వరసగా చెబుతాను. ముందు ఫోన్ ముట్టుకోవద్దన్నా, రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు. వాట్సాప్ పాత బ్యాకప్ ఒకటి గూగుల్ డ్రైవ్‌లో మిగిలి ఉంది, అందులో సీనియర్ పంపిన మొదటి మెసేజ్‌లు దొరికాయి. టెలిగ్రామ్‌వి దొరకలేదు, టెలిగ్రామ్‌లో అవతలివాడు తన వైపు నుంచి డిలీట్ చేసినా మన వైపు కూడా పోతాయి, అందుకే స్క్రీన్‌షాట్లు అప్పటికప్పుడు తీసుకోవాలి. తర్వాత రెండు బ్యాంకులకీ రాతపూర్వకంగా లెటర్ ఇచ్చాం, ఏ కంప్లైంట్ మీద ఫ్రీజ్ అయింది, ఎక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎంత, ఏ రాష్ట్రం ఏ స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత అని. కౌంటర్ దగ్గర నోటితో అడిగితే హెడ్ ఆఫీసు అంటారు, తిప్పుతారు, లెటర్ ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుంటే సమాధానం వస్తుంది.

అమ్మ కేసు తేలిక. ఐదు వేలు వచ్చిన ఎంట్రీ, డ్వాక్రా లోన్ పడిన ఎంట్రీ, గ్రూపు తీర్మానం కాపీ అన్నీ జతచేసి ఆ రాష్ట్రం దర్యాప్తు అధికారికి పంపి, హోల్డ్ ఆ ఐదు వేలకే పరిమితం చేయమని అడిగాం. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసులోనే ఫ్రీజ్‌ని పోలీసులు చెప్పిన మొత్తానికే పరిమితం చేయాలని చెప్పింది, ఆ తీర్పు కూడా పెట్టాం. కొంత టైం పట్టింది కానీ మిగతా డబ్బు వదిలారు.

కుర్రాడి కేసు అలా కాదు. అక్కడి స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద, అంటే అరెస్ట్ చేయకుండా వచ్చి హాజరవ్వమని. సెక్షన్లు భారతీయ న్యాయ సంహిత 318(4), అది మోసం, ఏడేళ్ల దాకా శిక్ష, దాంతో పాటు 61 కుట్ర, ఐటీ యాక్ట్ 66-డి, అంటే ఫోన్, కంప్యూటర్ వాడి ఇంకొకరిలా నటించి మోసం చేయడం. ఇంట్లో వాళ్లు భయపడిపోయి పంపం అన్నారు. నోటీసుకి వెళ్లకపోతే అరెస్ట్‌కి మనమే కారణం ఇచ్చినట్టు అని చెప్పి నాన్నగారిని తోడిచ్చి పంపాం, అక్కడ ఒక లోకల్ లాయర్‌ని పెట్టుకున్నాం. వెళ్లేముందు ఇక్కడ సైబర్ పోలీసులకి సీనియర్ మీద, జగదాంబ దగ్గర డబ్బు తీసుకునే మనిషి మీద రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చాం. తన చేతికొచ్చిన 14 వేలు తిరిగి ఇస్తానని స్టేట్‌మెంట్‌లో రాశాడు. డిలీట్ చేసిన విషయం దాచొద్దన్నాను, వాడే ముందు చెప్పాడు, ఎవరు చేయమన్నారో కూడా. అరెస్ట్ చేయలేదు. కానీ పేరు నిందితుల లిస్టులోనే ఉంది, ఛార్జిషీట్ ఇంకా వేయలేదు. ఈలోపు ఒక కంపెనీలో సెలెక్ట్ అయ్యాడు, పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆగింది. పాస్‌పోర్టు కూడా అంతే. 14 వేలకి వాడు కట్టింది ఇది.

తెలీదు కాబట్టి వదిలేస్తారులే అనుకునేవాళ్లు చాలామంది. తెలీదు అనడానికి దారి రోజురోజుకీ సన్నబడుతోంది. రిజర్వ్ బ్యాంక్ ఇన్నోవేషన్ హబ్ వాళ్లు మ్యూల్‌హంటర్ అనే సిస్టం తయారుచేశారు, ఇలా ఎవరిదో మోసపు డబ్బు మోసే అకౌంట్లనే మ్యూల్ అకౌంట్లు అంటారు, వాటిని లావాదేవీల తీరు చూసే పట్టేయడానికి. కొత్త అకౌంట్, ఒక్కసారిగా లక్షలు, వచ్చిన నిమిషాల్లో ఖాళీ, ఈ తీరు దాచినా దాగదు. 2025 జూన్‌లో సీబీఐ ఐదు రాష్ట్రాల్లో సోదాలు చేసినప్పుడు దేశం మొత్తానికి చెప్పిన లెక్క, ఏడొందలకి పైగా బ్రాంచీల్లో దాదాపు ఎనిమిదిన్నర లక్షల మ్యూల్ అకౌంట్లు. అప్పుడు అకౌంట్లు తెరవడానికి సాయపడ్డ బ్యాంకు సిబ్బందిని, ఏజెంట్లని కూడా వదల్లేదు. నా దృష్టిలో అది సరైనదే, ఫ్లెక్సీ ఫొటో చూసి కరెంట్ అకౌంట్ ఇచ్చినవాళ్లని కూడా అడగాలి.

అమ్మేసిన సామానుకి, తాగిన టీకి క్యూఆర్‌లో వచ్చిన డబ్బు వల్ల ఫ్రీజ్ అయిన చిన్న వ్యాపారులు వేరు, వాళ్లని మ్యూల్ అనకూడదు, బిల్లులు, ఆ రోజు అమ్మకాల లెక్క చూపించి హోల్డ్ తగ్గించమని అడగాలి.

ఇది చదివేవాళ్లలో ఇప్పటికే అకౌంట్ ఇచ్చి, ఇంకా ఏమీ కాలేదని ఊరుకున్నవాళ్లు కచ్చితంగా ఉంటారు. మీకోసమే ఇంత రాశాను. ముందు చాట్లు, నంబర్లు, ఫొటోలు స్క్రీన్‌షాట్ తీసి వేరేచోట దాచండి, అవతలివాడికి మీరు ఆపేస్తున్నట్టు చెప్పకండి, చెబితే వాడు చెరిపేస్తాడు. బ్రాంచికి స్వయంగా వెళ్లి డెబిట్ ఆపమని రాసివ్వండి, కార్డు బ్లాక్ చేయించండి, స్టేట్‌మెంట్ తీసుకోండి. సిమ్ మీ పేరు మీదే ఉంది కాబట్టి స్టోర్‌లో డూప్లికేట్ తీసుకుంటే వాళ్ల దగ్గరున్నది పనిచేయడం మానేస్తుంది. అదే రోజు సైబర్ పోలీసులకి రాతపూర్వకంగా చెప్పండి. భయపడుతూ వారం ఆగితే ఆ వారంలో ఎవరో ఒకరి రిటైర్మెంట్ డబ్బు మీ మీదుగా పోతుంది. అకౌంట్లో ఇప్పుడు మిగిలిన డబ్బు ఉంటే తీయకండి, ఎవరికీ పంపకండి, "పొరపాటున పడింది తిరిగి పంపు" అని ఫోన్ వచ్చినా సరే మీరు పంపొద్దు, బ్యాంకుకి చెప్పండి, వచ్చిన చోటికే వాళ్లు వెనక్కి పంపుతారు.

ఇంకా ఇవ్వనివాళ్లకి ఎవరైనా ఉద్యోగం అని నంబరో యూపీఐ ఐడీనో ఇస్తే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో సస్పెక్ట్ అని వెతికే ఆప్షన్ ఉంది, కొట్టి చూడొచ్చు, అక్కడ లేనంత మాత్రాన మంచివాడని కాదు. తల్లిదండ్రులు టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో పిల్లల నంబరుతో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవచ్చు, ఒక్క ఓటీపీతో లిస్టు వచ్చేస్తుంది, ఇంట్లో కనబడని నంబరు అందులో ఉంటే ఆ సిమ్ ఎవరికిచ్చావని కూర్చోబెట్టి అడగండి, కొట్టకుండా అడగండి, భయపడితే వాడు ముందు చేసే పని చాట్లు చెరపడమే.